చల్లనీళ్ల సీసా

మా చిన్నమ్మ చెంచాతో అన్నం తింటోందని గమనించిన రోజు నాకు భయమేసింది. జనగామ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. అన్నంలో తొక్కు పచ్చడి వేసుకుంటే ఐదు వేళ్లూ మునిగేలా పిసికి పిసికి కలుపుకుని తినాల్సిందే, చెంచా అనేది ఆసుపత్రి మంచం మీది వాళ్లకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు అనే మనిషి. అలాంటిది ఆ చలికాలం మధ్యాహ్నం తొక్కు జాడీని నా వైపు నెట్టేసి, ఉత్త పెరుగన్నం చెంచాతో తింటోంది. ఏమైందని అడిగితే "చెయ్యి మండుతున్నది" అని ఊరుకుంది. బలవంతంగా చెయ్యి లాగి చూశాను. బొటనవేలు, చూపుడువేలు పక్కల చర్మం తెల్లగా బిరుసెక్కి, నిలువునా చీలికలు పడి ఉంది. ఒక చీలికలో లోపలి ఎరుపు కనిపిస్తోంది.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. తార్నాకలో ఒక సందులో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో లేడీస్ పార్లర్. పెళ్లి ఆమెకు కలిసిరాలేదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. నేను దగ్గర్లోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీకని వచ్చి ఆమె దగ్గర దిగాను. తర్వాత అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీలో రీసెర్చ్‌కి చేరి అక్కడే పాతుకుపోయాను. హాస్టల్లో గది ఉన్నా ఆమె చేతి వంట వదిలిపెట్టి వెళ్లేంత పిచ్చిదాన్ని కాదు.

ఆ పార్లర్‌కి పేరు తెచ్చింది ఐబ్రోసే. ఫేషియళ్లు ఎవరైనా చేస్తారు. దారం పట్టి కనుబొమ్మ తీర్చడం మాత్రం వేళ్లలో ఉండే విద్య. దారం ఒక కొసని పళ్ల మధ్య పట్టుకుని, మిగతాదాన్ని వేళ్లకు మెలితిప్పి, వేళ్లు విప్పుతూ మూస్తూ ఉంటే ఆ మెలిక వెంట్రుకను పట్టి లాగుతుంది. దారం నడిచేదంతా బొటనవేలు, చూపుడువేలు పక్కల మీదుగానే. సరిగ్గా ఆ చోట్లే చిన్నమ్మకు పగిలాయి. పగిలిన చర్మంలోకి దారం దిగితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. వేళ్లు పోతే ఆమెకు పార్లర్ పోయినట్టే. ఇంకో పని ఆమెకు రాదు, వచ్చినా చేయదు.

ఐబ్రోస్ తర్వాత పేరున్నది ఆ చల్లనీళ్ల సీసాకి. అద్దం ముందు ఎప్పుడూ ఉండే లేత గులాబీ రంగు సీసా. మొదట్లో కొన్న టోనర్‌లోనే ఆల్కహాల్ ఉండేది. ముఖం మీద పెట్టగానే చల్లగా జివ్వుమని, వెంటనే ఆరిపోయి, చర్మం బిగుసుకున్నట్టు అనిపించేది. అమ్మాయిలకు అది తెగ నచ్చింది. చిన్నమ్మ ఊరుకుంటుందా, కాచిగూడ హోల్‌సేల్ షాపు నుంచి స్పిరిట్ డబ్బా తెచ్చి, పన్నీటితో తనే కలపడం మొదలుపెట్టింది. దారం పనయ్యాక ఆ నీళ్లలో దూది ముంచి కనుబొమ్మల కింద అద్దుతుంది. పిల్లలు కళ్లు గట్టిగా మూసుకుని "స్స్" అంటారు. ఆ "స్స్" వినిపిస్తేనే ఆమెకు పని పూర్తయినట్టు.

"మండితేనే బిడ్డా లోపలికి దిగినట్టు," అనేది చిన్నమ్మ. "మండని మందు ఎందుకు, పారబొయ్యనీకా?"

కరోనా వచ్చాక ఆ సీసాకి ఇంకో ఉద్యోగం దొరికింది. ఒక్కో మనిషికీ మధ్య చేతులకు అదే రుద్దుకునేది. కరోనా పోయినా అలవాటు పోలేదు. చివరికి వేళ్లు పగిలినప్పుడు, పగుళ్లలో చీము పట్టకూడదని ఆ చీలికల మీద కూడా అవే నీళ్లు అద్దుకుంటూ వచ్చింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కానీ అప్పటికి అది కొరివి అని మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

తప్పు దేని మీద వేయలేదు ఆమె! గిన్నెలు తోమే సబ్బు అంది. బోరు నీళ్లంది. వంకాయ తిన్నందుకు అంది. ఒంట్లో వేడి అంది. పక్కింటావిడ దారం నాసిరకం అంటే దారం మార్చింది. నేను సబ్బు అనుకుని గిన్నెలు తోమే పని నా మీద వేసుకున్నాను. పగుళ్లు తగ్గలేదు సరికదా, అరచేతి వైపు పాకాయి.

అసలు సంగతి నాకు ల్యాబ్‌లో తట్టింది. మా దగ్గర గాజు సామాను కడిగాక చివర్లో ఆల్కహాల్‌తో జాడిస్తాం. ఎందుకంటే అది జిడ్డును కరిగించి తీసుకుపోతుంది, తనూ గాల్లో కలిసిపోతుంది, గాజు పొడిగా మిగులుతుంది. ఆ రోజు గ్లౌజు చిరిగింది నాకు తెలియలేదు. ఫ్లాస్కు జాడిస్తుంటే వేలు చల్లబడింది. తీసి చూస్తే వేలి కొన సుద్దలా తెల్లగా ఉంది. ఆ తెలుపు నేను రోజూ ఇంట్లో చూస్తున్న తెలుపే. ఫ్లాస్కు అక్కడే పెట్టి స్టూలు మీద కూలబడ్డాను.

చర్మం పైపొరలో కణాల మధ్య కొవ్వు ఉంటుంది, రాతిగోడలో రాళ్ల మధ్య సున్నం ఉన్నట్టు. లోపలి తడిని బయటికి పోనివ్వకుండా, బయటి చెడుగును లోపలికి రానివ్వకుండా కాపాడేది అదే. ఆ చల్లనీళ్లు చేసేది ఆ సున్నాన్ని రోజూ కొంత గీకి తీసుకుపోవడం. చల్లదనం ఎక్కణ్ణుంచో రాదు, స్పిరిట్ ఆవిరవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది కాబట్టి వస్తుంది. మంట మందు దిగినందుకు కాదు, గోడకు చిల్లు పడినందుకు. నేను ఇంతకాలం చదివిన చదువంతా ఆ అద్దం ముందున్న సీసాలో ఉంది.

సాయంత్రం ఇంటికి వస్తూనే చెప్పాను. వెంటనే మానేయమన్నాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. చిన్నమ్మ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

"ఇన్నేండ్ల సంది ఎవ్వరికన్న ఏమన్న అయిందా?" అంది.

"నీకే అయింది కదా."

"నాది పని చేసే చెయ్యి. పగుల్తది. పొలంల మా అమ్మ కాళ్లు పగల్లేదా?"

లాభం లేదని నల్లకుంటలో చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చేతులు చూసి, ఏం వాడుతున్నావని అడిగి, నేను చెప్పిందే చెప్పాడు. స్పిరిట్, శానిటైజర్ దగ్గరికి పోవద్దు, గోరువెచ్చటి నీళ్లు, ఈ ఆయింట్‌మెంటు, దాని మీద దట్టంగా క్రీము, కొన్ని వారాలు దారం పట్టొద్దు అన్నాడు. చిన్నమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి క్రీము డబ్బా వెనక్కి తిప్పి, కళ్లజోడు పెట్టుకుని చదివి, గెలిచినట్టు నా ముందు పెట్టింది.

"జూడు. గీడ గుడ ఆల్కహాల్ అనే రాసున్నది. మరి గిది మంచిదెట్ల అయితది?"

నిజమే, రాసి ఉంది. అది వేరే రకమని చెప్పాను. గాలికి ఎగిరిపోయే నీళ్లలాంటిది కాదు, మైనంలాంటి ముద్ద, చర్మాన్ని మెత్తగా ఉంచేది. పేరొకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదు అన్నాను. మా ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరి గుణాలు ఆమే గుర్తు చేసుకుని నవ్వింది. క్రీము రాసుకోవడానికి ఒప్పుకుంది. మర్నాడు పొద్దున క్రీము రాసుకుంది, మధ్యాహ్నం చల్లనీళ్లతో శుభ్రంగా తుడిచేసుకుంది.

"డాక్టర్‌సాబ్ చదువుకున్నోడే, కాదంటలే. కాని ఆయన దగ్గరికి రోగంతోని వస్తరు, తప్పదు. నా దగ్గరికి ఎందుకు రావాలె? గా చల్లనీళ్ల కోసమే పిల్లలు గా మూల మీది ఏసీ పార్లర్‌ను దాటుకొని వస్తున్నరు. బంద్ చేస్తే నేను బేకార్."

ఆమె భయం అక్కడుంది. అది తెలిశాక కోపం తగ్గింది కానీ పట్టుదల పెరిగింది.

కొన్నాళ్లకు అదీ జరిగింది. హాస్టల్ నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఒక కనుబొమ్మ పూర్తయి, రెండోది మొదలయ్యేసరికి తెల్లటి దారం మీద ఎర్రటి మరక. అద్దంలో ఆ అమ్మాయి చూసింది. తన రక్తమేమోనని తడుముకుంది. చిన్నమ్మదని తెలిశాక ఇంకా భయపడింది. సగం కనుబొమ్మతోనే చున్నీ నుదుటి మీదికి లాక్కుని వెళ్లిపోయింది. చిన్నమ్మ ఆమెను పిలవలేదు. దారం ఉండను ఒళ్లో పెట్టుకుని, కస్టమర్లు కూర్చునే కుర్చీలోనే కూర్చుండిపోయింది.

"దుకాణం బంద్ చెయ్యాల్నా ఏందే?" అంది కాసేపటికి. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో ఇద్దరం మొండివాళ్లమే కాబట్టి ఎవరు రాజో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ సీసాని ఇంట్లోంచి పంపించి తీరాలనుకున్నాను. చెబితే వినదు, చూపిస్తే చూస్తుంది. ఆ చల్లనీళ్లే చిన్న సీసాలో పోసుకుని క్యాంపస్‌కి తీసుకుపోవడం మొదలుపెట్టాను. చిన్నమ్మ ఒక్కో కస్టమర్ తర్వాత చేతులకు రుద్దుకున్నట్టే, నేను రోజంతా మధ్యమధ్యలో నా ఎడమ మోచేతి మడతలో దూదితో అద్దుకునేదాన్ని. కుడి మోచేతిని ముట్టుకోలేదు. లైబ్రరీ మెట్ల మీద, క్యాంటీన్‌లో, బస్సు కోసం నిలబడి, ఎక్కడుంటే అక్కడ. ఫుల్ చేతుల కుర్తాలు వేసుకుని ఇంట్లో దాచాను.

మా గైడ్ ఒకసారి చూసి ఏంటని అడిగారు. చెప్పాను.

"ఒక్క మనిషి మీద చేస్తే ఏం రుజువవుతుందమ్మా? ఇది ప్రయోగం కాదు."

"నేను పేపర్ రాయట్లేదు సర్. మా చిన్నమ్మను ఒప్పించాలి."

ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంట గెలిచి రచ్చ గెలవమని దీవించి వెళ్లిపోయారు. పోతూ పోతూ ఎక్కువ చేసుకోవద్దని మాత్రం హెచ్చరించారు.

మొదట్లో ఏమీ కాలేదు. చల్లగా, హాయిగా కూడా ఉంది. నిజం చెప్పొద్దూ, అమ్మాయిలు దానికి ఎందుకు పడిపోయారో అర్థమైంది. తర్వాత అక్కడ చర్మం మెరుపు పోయింది. సన్నగా పొట్టు లేవడం మొదలైంది. ఆ తర్వాత దురద. ఒక రోజు పొద్దున స్నానానికి వేడినీళ్లు పోసుకుంటే ఆ మడత దగ్గర మాత్రం చుర్రుమంది. ఎర్రటి మచ్చ, మధ్యలో దారంలాంటి చీలిక. ఆ సాయంత్రం ల్యాబ్ నుంచి సంతోషంగా ఇంటికొచ్చాను, పరీక్ష పాసైనంత సంతోషంగా.

చిన్నమ్మ పప్పులో పోపు పెడుతోంది. స్టవ్ ఆపించి, రెండు చేతులూ ఆమె ముందు చాచాను. కుడి మోచెయ్యి, ఎడమ మోచెయ్యి. ముందు ఆమెకు అర్థం కాలేదు.

"ఇదేందే, ఏం కరిచింది?"

"నీ చల్లనీళ్లు. ఇటువైపు రోజూ రాసిన, అటువైపు రాయలేదు. నువ్వే చూసుకో."

ఆమె ముఖం మారిపోయింది. తన వేళ్లు పగిలి రక్తం కారినప్పుడు కూడా అట్లా కాలేదు. నా చెయ్యి పట్టుకుని, కిటికీ వెలుతురులోకి లాక్కుపోయి, ఆ ఎర్రటి మచ్చ మీద పగిలిన తన వేలితో మెల్లగా నిమిరింది. ఆమె వేలు గరుకుగా తగిలింది. ఒకే నీళ్లు చేసిన రెండు పుండ్లు ఒకచోట ఆనాయి.

"పిచ్చి లేసిందా నీకు? మంచిగున్న చెయ్యిని ఖరాబు చేసుకుంటవా? మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

"నీ చెయ్యిని చూసి మా అమ్మకు నేనేం చెప్పాలె?"

నన్ను తిట్టింది. తిట్టుకుంటూనే ముందు గదిలోకి పోయి సీసా తీసుకుని, వెనక వాకిట్లో ఒంపేసింది. మంచం కింద దాచిన స్పిరిట్ డబ్బాను మాత్రం నన్నే తీసుకుపొమ్మంది. అది కళ్ల ముందుంటే చెయ్యి ఊరుకోదని తనకూ తెలుసు. క్రీము డబ్బా తెచ్చి ముందు నా మోచేతికి రాసింది, ఆ తర్వాత తన చేతులకు. తన కోసం చేయని పనిని నా కోసం చేసింది, నాకు ఏడుపొచ్చింది.

ఇక దారం ఎవరు పట్టాలన్నది మిగిలింది. డాక్టర్ వద్దన్నాడు కాబట్టి ఆమె కాదు. అయితే నేనే. సాయంత్రాలు ల్యాబ్ నుంచి వచ్చి, నా పిక్కల మీది వెంట్రుకల మీద నేర్చుకున్నాను. చిన్నమ్మ చేతులకు కాటన్ గ్లౌజులు తొడుక్కుని కుర్చీలో కూర్చుని కేకలేసేది. "పండ్లు బిగవట్టు. వేళ్లు కాదే, మణికట్టు తిప్పు. కోడి ఈకలు పీకుతున్నవా ఏంది?" నా కాళ్లు దద్దుర్లతో నిండిపోయాయి. హాస్టల్ స్నేహితురాళ్లు కొందరు నా మీద ప్రేమతో కనుబొమ్మలు అప్పగించారు. ఆ ప్రేమ కొందరిలో తగ్గింది కూడా.

చల్లనీళ్లకు బదులు కొత్త కుండ ఒకటి తెచ్చి పెట్టాను. అందులోని నీళ్లలో పలుచటి మల్లుగుడ్డ ముక్కలు తడిపి, పిండి, దారం పనయ్యాక కనుబొమ్మల మీద పరిచేదాన్ని. ఒక్కో మనిషికి ఒక్కో ఉతికిన గుడ్డ, తర్వాత కొంచెం కలబంద గుజ్జు. చల్లగానే ఉంటుంది. మండదు. ఆ మండకపోవడమే గొడవైంది.

యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే కర్నూలావిడ చిన్నమ్మకు పాత కస్టమర్. ఆమెకు నచ్చిందంటే ఆఫీసులో సగంమంది వస్తారు. ఆమె వచ్చి కూర్చుని, గుడ్డ వేయగానే లేచి అద్దంలో చూసుకుంది.

"ఏందిమ్మా ఇది, ఊరికే నీళ్లగుడ్డ యేస్తాండావు? ఆ సల్లనీళ్లు యాడపాయె? మంటే లేకపోతే చేయించుకున్నట్టే లేదు."

గ్లౌజుల చేతులు వెనక్కి దాచుకుని చిన్నమ్మ నా వైపు చూసింది. సీసా ఉండి ఉంటే ఆ నిమిషంలో మూత తీసేదే. నేను ఆవిడకు నా మోచెయ్యి చూపించాను. తర్వాత అడక్కుండానే చిన్నమ్మ గ్లౌజులు లాగి ఆ చేతులు చూపించాను. ఆవిడ తన కనురెప్పలు తడుముకుంది.

"ఇంటికిపోయినాక నాకు రెప్పల మీద పొట్టు లేస్తాంటే పౌడరు పడలేదనుకుంటి గదమ్మా," అంది మెల్లగా. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వస్తే చూద్దామంది. వస్తుందన్న నమ్మకం మాకు లేదు.

వచ్చింది. ఈసారి తనతో ఇంకొకావిడను తీసుకొచ్చి, "పోయినతూరి అసలు ఎర్రబడల్యా" అని ఆమెతో చెప్పింది. కొందరు మాత్రం మూల మీది పార్లర్‌కే పోయారు. పోనీ అన్నాను. చిన్నమ్మ అనలేకపోయింది, కానీ సీసా పేరు మళ్లీ ఎత్తలేదు.

చర్మం తొందరపడదు. ఒక వారం మూసుకున్న చీలిక ఇంకో వారం తెరుచుకునేది. ఆమె విసుగుపడితే నేను మళ్లీ క్రీము డబ్బా తీసేదాన్ని. నిమ్మకాయ పిండడం నా పని, పచ్చిమిరపకాయలు తరగడం నా పని. ఎండాకాలం వచ్చి మామిడికాయలు తెచ్చినప్పుడు, ఆ ఏడు తొక్కు కలపడం కూడా నా పనే అయింది. ఆమె స్టూలేసుకుని కూర్చుని ఉప్పు ఎంత, ఆవపిండి ఎంత అని చెప్తూ పోయింది. కారం దగ్గర మాత్రం ఆమె చెప్పినదానికన్నా ఇంకో దోసెడు ఎక్కువే వేశాను, ఆమె నాలుక సంగతి నాకు తెలుసు కాబట్టి.

తొక్కు ఊరాక జాడీ తెరిచిన రోజు ఆదివారం. వేడన్నం వడ్డించి, అలవాటుగా ఆమె కంచం పక్కన చెంచా పెట్టాను. ఆమె చెంచాని పక్కకు జరిపింది. అన్నం మీద తొక్కు వేసుకుంది, నూనె పోసుకుంది. ఒక్క క్షణం ఆగి, చెయ్యి పెట్టింది. ముందు వేళ్ల కొసలతో. తర్వాత ఐదు వేళ్లూ మునిగేలా. ఎర్రటి ఊట వేళ్ల సందుల్లోంచి కారుతోంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఎక్కడైనా చుర్రుమంటే అక్కడ తెలిసిపోతుంది.

పిసికి పిసికి కలిపి, మొదటి ముద్ద నా నోటికి అందించి, రెండోది తను పెట్టుకుని, నా వైపు అనుమానంగా చూసింది.

"కారం తక్కువేసినవ్ గదనే. చేతికి జర గుడ మండుతలేదు."

నాకు చెవులు మండిపోతున్నాయి, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, జవాబు చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆమె వేళ్లు నాక్కుని ఇంకో ముద్ద కలుపుకుంది.